నాలుగో పేజీ

“తలుపు తియ్యకండి సార్! తీస్తే మీరూ పోతారు!”

పురుగుల మందు మేస్త్రి వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. నేను రికార్డు రూము తలుపుకి చెవి ఆనించి కదలకుండా నిలబడ్డాను. తలుపు అంచుల వెంట వెడల్పాటి టేపు అతికించి ఉంది. గడియకి తాళం. మధ్యలో ఎర్రక్షరాల కాగితం: ‘లోపల విషవాయువు. రెండు రోజులు ఎవరూ ప్రవేశించరాదు.’

టక్. టక్.

మళ్ళీ అదే చప్పుడు. మోకాలి ఎత్తు కూడా లేని చోట నుంచి వస్తోంది. కొడుతున్న మనిషి నిలబడి లేడు.

“లోపల మనిషున్నాడు,” అన్నాను.

“ఎలకలండీ. మందుకి తట్టుకోలేక గింజుకుంటాయి.”

“తలుపు తట్టి పిలిచే ఎలకని నువ్వెక్కడైనా చూశావా?”

అతని చెయ్యి నా చొక్కా మీద నుంచి జారిపోయింది.

గోడ గడియారంలో పదకొండూ యాభై రెండు. నలభై నిమిషాల కిందట రికార్డు బాబాయి నాకు ఫోన్ చేశాడు. ఈ కోర్టులో పాత ఫైళ్ళకి ముప్ఫై ఏళ్ళుగా కాపలా ఆయనే. “నర్సరీ అమ్మాయి ఫైల్లో ఏదో తేడా ఉందిరా. ఫోన్లో చెప్పను. నువ్వొచ్చి చూసేదాకా ఫైలు పైకి, కోర్టు హాలుకి పంపను,” అన్నాడు. ఆయన గొంతు అంత సన్నబడటం నేనెప్పుడూ వినలేదు.

మేస్త్రి మెడలో వేలాడుతున్న మాస్కు లాక్కుని ముఖానికి తగిలించుకున్నాను. వరండాలో మంటలార్పే సిలిండరు ఉంది. దాంతో తాళం మీద మూడు దెబ్బలు వేశాను. మూడో దెబ్బకి కొక్కెంతో సహా ఊడింది. టేపు చిరిగింది. తలుపు అరడుగు తెరుచుకుని ఆగిపోయింది. ఏదో బరువు అడ్డుపడింది.

ఆ బరువే రికార్డు బాబాయి.

భుజంతో తోసి, చంకల కింద చేతులు దూర్చి ఆయన్ని బయటికి ఈడ్చాను. మాస్కు సందుల్లోంచి కుళ్ళిన వెల్లుల్లి లాంటి వాసన దూరింది. కళ్ళు మండిపోయాయి. వరండా చివర గాలి తగిలే చోట పడుకోబెట్టాను.

బాబాయి పెదాలు నీలంగా ఉన్నాయి. కుడిచేతి వేలి కణుపుల మీద చర్మం లేదు. ఎంతసేపు కొట్టాడో ఏమో! ఎడమ చెయ్యి మాత్రం పొట్ట మీద బిగుసుకుపోయి ఉంది. చొక్కా కింద చెయ్యి పెడితే గట్టి అట్ట తగిలింది. ఫైలు. ఊపిరి పోతున్నా దాన్ని వదల్లేదు మహానుభావుడు.

“పైకి... పంపకురా,” అన్నాడు. అంతే. కళ్ళు తేలవేశాడు.

అంబులెన్సు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళాక మేస్త్రిని గోడకి ఆనించి కూచోబెట్టాను.

“మందు ఎన్నింటికి పెట్టావు?”

“పదకొండూ ముప్పావుకి. ఒట్టు సార్, అప్పుడు లోపల ఎవరూ లేరు. చివరి అలమారాల దగ్గర మాత్రలు పెట్టి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, టేపు కోసం ఆటో దగ్గరికెళ్ళాను. ఆయన ఆ సందులోనే లోపలికి వెళ్ళుంటాడు. నేను వచ్చేసరికి తాళం వేసుంది. నొక్కితే పడిపోయే తాళం అది, తాళంచెవి అక్కర్లేదు.”

“లోపల ఎవరైనా ఉన్నారేమో అని అడగలేదా?”

“అడిగాను! ఒకాయన తలుపు దగ్గరే నిలబడున్నాడు. ‘లోపల ఎవరూ లేరు నాయనా, టేపు వేసెయ్’ అన్నాడు. ఆయనే వేసుంటాడనుకున్నా తాళం.”

“ఎలా ఉంటాడు?”

“నల్లకోటు సార్.”

నేను వరండాలోకి చూశాను. మెట్ల మీద ఏడుగురు, చెట్టు కింద పదిమంది, టీ బంకు దగ్గర లెక్కలేనంత మంది. అందరూ నల్లకోట్లే.

“బాగా గుర్తు చెప్పావులే,” అన్నాను.

*

నన్ను ఈ కోర్టులో అందరూ ‘సమన్లు’ అంటారు. తొమ్మిదేళ్ళు ఇక్కడే సమన్లు పంచే ఉద్యోగం చేశాను. తలుపు తట్టీ తట్టీ మనుషులు ఎక్కడ దాక్కుంటారో తెలిసిపోయాక ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. పేరు మాత్రం వదల్లేదు.

నా క్లయింటు నర్సరీ నడుపుకునే ఆవిడ. ముప్పావు ఎకరంలో పూలమొక్కలు, పండ్ల అంట్లు, ఒక రేకుల ఇల్లు. అందులో ఆవిడా, ముసలి అత్తగారూ. పద్నాలుగేళ్ళ కిందట ఆ స్థలం నాదంటూ ఒకాయన ఆవిడ మామగారి మీద దావా వేసి ఓడిపోయాడు. ఇప్పుడాయన కొడుకు దగ్గర అదే స్థలాన్ని కాగితాల మీద కొనుక్కున్న కాంట్రాక్టరు, స్వాధీనం ఇప్పించమని కొత్తగా దావా వేశాడు.

పాయింటు ఒక్కటే. స్థలం ఎవరిదో కోర్టు ఒకసారి విచారించి తేల్చేస్తే, ఓడినవాడు గానీ, వాడి తరవాత వాడి హక్కు కొనుక్కున్నవాడు గానీ మళ్ళీ అదే తగాదాతో గుమ్మం తొక్కకూడదు. పాత తీర్పే అడ్డుగోడ. కానీ ఆ రోజు కోర్టు హక్కు సంగతి తేల్చకుండా, ఫీజు తక్కువ కట్టారనో మరొకటనో దావా కొట్టేసి ఉంటే మాత్రం గోడ లేదు. కొత్త దావా నడుస్తుంది. నడిచినన్నాళ్ళూ స్థలం కోర్టు మనిషి అధీనంలో ఉంచాలని కాంట్రాక్టరు అడుగుతున్నాడు. అంటే అత్తాకోడళ్ళు సాయంత్రానికి రోడ్డు మీద ఉంటారు.

అది ఈ మధ్యాహ్నం రెండున్నరకి తేలాలి. తేల్చాల్సిన పాత తీర్పు బాబాయి పొట్ట మీద దొరికిన ఫైల్లో ఉంది.

ఆ ఫైలు అట్ట నేను తెరవబోతుండగా ఒక లావుపాటి చెయ్యి వచ్చి దాన్ని లాక్కుంది.

“ఏమోయ్ సమన్లూ! సాక్ష్యాన్ని చంకలో పెట్టుకుని షికారా?”

ఇన్‌స్పెక్టర్. నేను మొదటిసారి ఒక కేసు ఆయనకంటే ముందు తేల్చినప్పటి నుంచీ నా మీద ఆయనకి అమితమైన ప్రేమ.

“మనిషి చావబోయాడు సార్. ఈ ఫైలు కోసమే. ఒక్కసారి తెరవండి.”

“మా పై ఆఫీసరు, పెద్దాయన వస్తున్నాడు. ఆయన ముందే తెరుస్తాను. అప్పటిదాకా ఇది నా బీరువాలో, బీరువా తాళం నా జేబులో, నువ్వు నా కంటికి దూరంగా. అర్థమైందా?”

“తాళం ఎవడు వేశాడో కనుక్కోరా?”

“వేసినవాడు దొరుకుతాడులే. ముందు ఆ ముసలాయన ఫైలు పొట్టలో ఎందుకు దాచుకున్నాడో కనుక్కుంటాను. మంచివాళ్ళు ఫైళ్ళని బీరువాల్లో పెడతారు.”

పన్నెండూ పదికి ఫైలు కోర్టు ఆవరణలోనే ఉన్న పోలీసు గదిలో బీరువాలోకి వెళ్ళింది. నా కళ్ళ ముందే తాళం పడింది.

*

నర్సరీ ఆవిడ పై వరండాలో బెంచీ చివర కూచుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి. దాన్ని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. పక్కన ఆవిడ ప్లీడరుగారు. తెల్లజుట్టు, మెత్తటి మాట, చేతిలో మంచినీళ్ళ సీసా. ఆవిడ చేత బలవంతాన రెండు గుక్కలు తాగించాడు.

“అన్నా, రికార్డు బాబాయి...” అంది నన్ను చూసి.

“బతికే ఉన్నాడు. మాట రావడం లేదు.”

ప్లీడరుగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. “బతికాడా! అదృష్టం నాయనా. ఎంత మంచివాడు!”

ఆవిడ సంచి ఇంకా గట్టిగా అదుముకుంది. “మీకు పొద్దున్న ఫోన్ చేద్దామనుకున్నా. మా అత్త వద్దంది. తెల్లారి లేచి చూస్తే మొక్కల మధ్య వరసగా కొలత మేకులు కొట్టి ఉన్నాయి. వాకిట్లోంచి ఇంట్లో దాకా. ఆఖరు మేకు మా అత్త మంచం పక్కన. తలకట్టుకి జానెడు దూరంలో.” చేత్తో జానెడు కొలిచి చూపించింది. “మట్టి నేల కదన్నా, చప్పుడు రాలేదేమో. మేం లోపలే ఉన్నాం. మేకు కొడుతుంటే మాకు మెలకువ రాలేదు. ఆ సుత్తి కాస్త పక్కకి పడుంటే?”

 

“ఇదే నేను చెప్తున్నది తల్లీ,” అన్నాడు ప్లీడరుగారు. “ఇవాళ రికార్డు రూము. రేపు మీ రేకుల ఇల్లు. ఆ కాంట్రాక్టరు మనుషులు దేనికైనా తెగిస్తారు. పాత తీర్పు అడ్డమన్న మన అభ్యంతరం వదులుకుంటే ఇంకో చోట ఇల్లు కట్టిస్తానంటున్నాడు. రాజీకి ఒప్పుకో. ప్రాణం ఉంటే మొక్కలు ఎక్కడైనా మొలుస్తాయి.”

“మా మామ గెలిచిన స్థలం సార్ అది.”

“గెలిచాడు, కాదనను. కానీ ఎలా గెలిచాడు? ఫైలు దొరికినా లాభమేముంది తల్లీ? ఫీజు దగ్గరే దావా కొట్టేసి హక్కు సంగతి తేల్చకుండా వదిలేశారు కదా. అది మనకి గోడ కాదు, తెర. ఊదితే పోతుంది.”

ఆవిడ నావైపు చూసింది. ఆ చూపులో అడిగింది ఒకటే: నిజమేనా? నాకు తెలీదు. పాత తీర్పు నేను చదవలేదు. మామగారి దగ్గరున్న నకలు ఎప్పుడో కనబడకుండా పోయిందని మాత్రం తెలుసు.

“రెండున్నర వరకు దేని మీదా సంతకం పెట్టకమ్మా,” అన్నాను.

“పెట్టనన్నా,” అంది. కానీ ఆ మాటలో బలం లేదు.

గడియారం చూసుకున్నాను. పన్నెండూ ముప్ఫై అయిదు.

*

ఒంటిగంటా పదికి పెద్దాయన వచ్చాడు. బీరువా తెరిచారు. ఫైలు బల్ల మీదికొచ్చింది. నన్ను బయటికి పొమ్మన్నా పోకుండా గుమ్మంలో నిలబడ్డాను. పెద్దాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

తీర్పు ఆరు పేజీలు. పాత టైపు అక్షరాలు. ఎడమ అంచున మూడు చిల్లుల్లోంచి దారంతో కుట్టి ఉంది.

“దారం చూడండి,” అన్నాను.

“చూశాం. దారంలాగే ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఫైల్లో మిగతా కాగితాల దారాలన్నీ టీ రంగుకి తిరిగాయి. తీర్పు ఒక్కదానిది తెల్లగా ఉంది. ఎవరో విప్పి మళ్ళీ కుట్టారు.”

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పాడు. మూడో పేజీ చివర ‘ఇక స్థలంపై వాది హక్కు విషయానికి వస్తే’ అని ఉంది. నాలుగో పేజీ మొదట్లో ‘వాది తగిన ఫీజు చెల్లించనందున దావా నిలవదు, హక్కు విషయం ఈ కోర్టు పరిశీలించడం లేదు’ అని ఉంది. అయిదు, ఆరు పేజీల్లో ఖర్చుల సంగతి. చివర ‘పై కారణాల వల్ల దావా కొట్టివేయడమైనది’. కింద జడ్జిగారి సంతకం.

నాలుగో పేజీ ఒక్కటి మారిస్తే చాలు. గెలుపు గెలుపులాగే ఉంటుంది, గోడ మాత్రం మాయమైపోతుంది.

“తేలిపోయింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ చేతులు దులుపుకుంటూ. “ముసలాయన కాంట్రాక్టరు దగ్గర తిన్నాడు. పేజీ మార్చాడు. ఇవాళ భయమేసి ఫైలుతో సహా చద్దామనుకున్నాడు.”

“లోపల కూచుని బయటి తాళం ఎలా వేశాడు సార్? చెయ్యి అంత పొడుగా?”

పెద్దాయన దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ముఖం కందింది.

“అయితే నువ్వే చెప్పు, అన్నీ తెలిసినోడివి!”

“రికార్డు రూములో ఫైళ్ళు చూసినవాళ్ళ రిజిస్టరు ఉంటుంది. తెప్పించండి.”

గదిలో గాలి తేరుకున్నాక మేస్త్రి మాస్కు వేసుకుని వెళ్ళి తెచ్చేసరికి రెండు దాటింది. ఈ ఏడాది ఆ ఫైలుని ఇద్దరే చూశారు. ఒకరు కాంట్రాక్టరు తరఫు ప్లీడరు, నెల కిందట, పది నిమిషాలు. ఇంకొకరు మా ప్లీడరుగారు, మూడు వారాల కిందట, గంటన్నర.

“ఇంకేం!” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అయితే కాంట్రాక్టరు ప్లీడరు! ఎవరికి లాభమో వాడేగా!”

పది నిమిషాల్లో కుట్టు విప్పి పేజీ మార్చి మళ్ళీ కుట్టడం కుదిరే పని కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ నా కళ్ళు నాలుగో పేజీ మీదే అతుక్కుపోయాయి. అందులో మూడు పేరాలున్నాయి. ప్రతి పేరా చివర మాట అయిపోయాక మిగిలిన ఖాళీని అంచుదాకా చిన్న చిన్న గీతలతో నింపారు. మిగతా అయిదు పేజీల్లో ఎక్కడా గీత లేదు.

“సార్, దీన్ని నకళ్ళ సెక్షన్‌లో ఒక్కరికి చూపిద్దాం. అయిదు నిమిషాలు.”

*

నకళ్ళ సెక్షన్‌లో కోర్టు కాగితాలకి కాపీలు తయారు చేస్తారు. అక్కడ ఇరవై రెండేళ్ళుగా టైపు కొడుతున్న ఆవిడని అందరూ నకళ్ళక్క అంటారు. పొద్దున్నించీ జరిగింది ఆవిడకి తెలుసు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది.

“కూచో అక్కా. ఈ గీతలేంటో చెప్పు చాలు.”

పేజీ చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం చూసింది. ముఖం పాలిపోయింది.

“ఇది తీర్పు పేజీ అంటున్నారా? కాదు. జడ్జిగారి స్టెనోలు ఇలా కొట్టరు. ఇవి మా సెక్షన్ వేళ్ళు.”

“అంటే?”

“నకలు కొట్టేటప్పుడు పేరా చివర ఖాళీ వదలకూడదు. వదిలితే ఎవడో ఒకడు ఆ జాగాలో ఒక మాట దూరుస్తాడు. అందుకని అంచుదాకా గీతలతో మూసేయాలి. పాత హెడ్డుగారు వేళ్ళ మీద స్కేలుతో కొట్టి నేర్పించాడు. ఆ తరవాత కంప్యూటర్లు వచ్చాయి, ఈ పద్ధతే పోయింది. కానీ నేర్చుకున్నవాళ్ళకి ఇప్పటికీ పోదు. మా ఇంటికి ఉత్తరం రాసుకున్నా నా చెయ్యి గీతలు పెట్టేస్తుంది.”

ఇన్‌స్పెక్టర్ అడుగు ముందుకేశాడు. “ఓహో! అయితే ఇది నీ చెయ్యే!”

“అయ్యో, నాకేం పట్టింది సార్!”

“పదకొండూ ముప్పావుకి ఎక్కడున్నావు?”

“ఇక్కడే, జడ్జిగారి బంట్రోతుకి కాపీలు ఇస్తున్నాను. అడగండి ఆయన్ని!” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“తాళం వేసింది నల్లకోటు వేసుకున్న మగమనిషి సార్,” అన్నాను. “మేస్త్రి చెప్పాడు. ఈవిడ చీర కట్టుకుంది. మీరు గమనించారో లేదో.”

“నువ్వు నోర్ముయ్!”

“అక్కా, పాత హెడ్డు దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది?”

“ముగ్గురం. ఒకాయన పోయాడు. నేను.” ఆగిపోయింది. చూపు తలుపు వైపు వెళ్ళి వచ్చింది.

“మూడో మనిషి?”

“ఉద్యోగం మానేసి వేరే చదువు చదువుకున్నాడు. పాత టైపు మిషన్లు వేలం వేసినప్పుడు జడ్జిగారి స్టెనో మిషను కొనుక్కున్నాడు, గుర్తుగా ఉంటుందని. అంతకంటే అడక్కండి. రేపు కూడా నేను ఈ గుమ్మంలోంచే లోపలికి రావాలి. మా బాబాయిని గదిలో పెట్టి పొగేసినవాడు నన్నేం చేస్తాడో!”

నేను ఆ గీతల్నే చూస్తున్నాను. ఇలాంటి గీతలు ఇంతకుముందెక్కడో చూశాను. ఈ కోర్టులో కాదు. మట్టివాసన... నీళ్ళ పైపు పక్కన చాప... చాప మీద నర్సరీ ఆవిడ నాకు చూపించిన కాగితం. కొత్త దావాకి ఆవిడ తరఫున వేసిన జవాబు. పాత అక్షరాలు. పేరా చివర్న గీతలు.

ఆ వెంటనే ఇంకోటి తట్టింది.

పన్నెండూ ముప్ఫై అయిదుకి, పై వరండాలో, ఫీజు దగ్గరే దావా కొట్టేసి హక్కు సంగతి తేల్చకుండా వదిలేశారని నాకొకరు చెప్పారు. ఆ మాట ఉన్నది నాలుగో పేజీలో మాత్రమే. అసలు తీర్పులో లేదు, ఉంటే పేజీ మార్చాల్సిన పనే లేదు. అప్పటికి ఫైలు ఇన్‌స్పెక్టర్ బీరువాలో ఉంది. ముందే చదివి చెప్పాడనుకున్నా, తనకంటే ముందు ఫైలు చూసినవాడికి దొరికింది పది నిమిషాలే, తనకి గంటన్నర.

నర్సరీ ఆవిణ్ణి నేను ఎవరి పక్కన వదిలేసి వచ్చాను!

గోడ మీద రెండూ ఇరవై ఎనిమిది.

నకళ్ళక్క బల్ల పక్కన కాపీ మిషను ఉంది. నాలుగో పేజీ దాని మీద పెట్టి మీట నొక్కాను. వేడి కాపీ చేతిలోకి రాగానే పరిగెత్తాను.

“ఆగవోయ్! ఎక్కడికి?” ఇన్‌స్పెక్టర్ నా భుజం పట్టుకున్నాడు.

“నన్ను తరవాత అరెస్టు చేసుకోండి సార్. ముందు ఫైలు పట్టుకుని నా వెనకే రండి. నకళ్ళక్కని ఒంటరిగా వదలకండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఈ పేజీ నిజమైపోతుంది!”

ఆయన వేళ్ళు వదిలాయి. నా ముఖంలో ఏం కనబడిందో తెలీదు. మొదటిసారి ఆ మనిషి నాకు ఎదురు చెప్పలేదు.

*

కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. కేసు అప్పటికే పిలిచారు. జడ్జిగారు కలం పట్టుకుని ఉన్నారు. మా ప్లీడరుగారు నిలబడి మాట్లాడుతున్నాడు. ఆయన వెనక బెంచీలో నర్సరీ ఆవిడ, ఒళ్ళో అదే సంచి.

“...పాత తీర్పులో హక్కు విషయం తేల్చలేదు. కాబట్టి పాత తీర్పు ఈ దావాకి అడ్డమన్న మా అభ్యంతరాన్ని నా క్లయింటు వదులుకుంటోంది. రాజీ పత్రం సిద్ధంగా ఉంది. ఆమె సంతకం ఒక్కటే మిగిలింది.”

“పాత ఫైలు రాలేదే?” అన్నారు జడ్జిగారు.

“పోలీసుల అధీనంలో ఉందండి. ఒక ప్రమాదం జరిగింది. నా క్లయింటు చాలా భయపడి ఉంది. ఈ తగాదా ఇంతటితో ముగించమని ప్రార్థన.”

పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ పెన్ను పట్టుకుని పత్రం వైపు చూస్తోంది.

“అయ్యా! ఒక్క నిమిషం!” అన్నాను నేను వెనక నుంచి.

హాలంతా తిరిగి చూసింది.

“ఎవరు మీరు? ఈ కేసులో మీరెవరు?”

“నేను ఈవిడ తరఫున వాకబు చేస్తున్న...”

“పార్టీ కారు, ప్లీడరు కారు. కూచోండి. ఇంకో మాట మాట్లాడితే బయటికి పంపించేస్తాను.”

బంట్రోతు నా చెయ్యి పట్టుకున్నాడు. మాట్లాడటానికి లేదు. మాట్లాడే హక్కున్నది ఆ హాలులో మా వైపు ఇద్దరికే: ప్లీడరుగారికీ, ఆవిడకీ. ఆవిడ ఇన్ని వాయిదాల్లో ఒక్కసారీ నోరు తెరవలేదు. జడ్జిగారు పేరు పిలిస్తే లేచి నిలబడటానికే భయపడే మనిషి.

నా చేతిలో కాపీ ఉంది. బంట్రోతు నన్ను వెనక్కి లాగుతుండగానే, బెంచీ మీదుగా వంగి దాన్ని ఆవిడ ఒళ్ళో పడేశాను.

“పాత తీర్పులో నాలుగో పేజీ ఇది. గీతలు చూడమ్మా,” అన్నాను గుసగుసగా.

ఆవిడ కాగితం చూసింది. మొదట అర్థం కాలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. వేలు ఒక పేరా చివరికి వెళ్ళి, ఒక్కో గీత మీదుగా అంచుదాకా నడిచి అక్కడే ఆగిపోయింది. తరవాత చాలా నెమ్మదిగా గుడ్డసంచి ముడి విప్పింది. అందులోంచి తన జవాబు కాపీ తీసింది. రెండు కాగితాలూ మోకాళ్ళ మీద పక్కపక్కన పెట్టుకుంది.

ప్లీడరుగారు వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వాడు. “సంతకం పెట్టు తల్లీ.”

ఆ చిరునవ్వు ఆవిడ ఒళ్ళోకి చూసేదాకా ఉంది. అక్కడ ఆరిపోయింది.

“తల్లీ, ఆ కాగితాలు ఇలా ఇవ్వు,” అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. చెయ్యి మాత్రం ముందుకొచ్చి కాగితం అంచు పట్టుకుంది. లాగుతోంది. ఆవిడ వదల్లేదు. లాగినకొద్దీ ఆ చెయ్యితో పాటే ఆవిడ పైకి లేచింది.

నిలబడింది.

“ఏంటమ్మా?” అన్నారు జడ్జిగారు.

ఆవిడ ఒక చేత్తో ముందు బెంచీ పట్టుకుంది.

“చెప్పండి. భయం లేదు. మీ కేసు ఇది.”

హాలు తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరూ, ఆయన చంకలో ఫైలూ. ఆయన వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య నకళ్ళక్క, పక్కనే పురుగుల మందు మేస్త్రి. మేస్త్రి హాలంతా చూసి, ముందు వరసలో చూపు నిలిపి, బిగుసుకుపోయాడు.

ఆవిడ అది చూడలేదు. జడ్జిగారినే చూస్తోంది.

“అయ్యా, నా జవాబు టైపు కొట్టించుకోవడానికి వీరి ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తాకి ఇవ్వలేదు. తనే పాత మిషను మీద కొట్టారు. ఈ గీతలెందుకు సార్ అని అడిగాను. ‘ఖాళీ వదిలితే ఎవడో ఒకడు అందులో మాట దూరుస్తాడు తల్లీ’ అన్నారు.” ఊపిరి పీల్చుకుంది. “మా మామ దగ్గరున్న తీర్పు నకలు కూడా ఆ రోజే వీరి చేతికిచ్చాను. మర్నాడు అడిగితే నువ్వు ఇవ్వనే లేదన్నారు. నేనే ఎక్కడో పారేసుకున్నానని, ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నాను.”

“దేని గురించి చెప్తున్నారమ్మా?”

“తీర్పులో పేజీ మారింది అయ్యా. ఇదిగో. బాబాయిని గదిలో పెట్టి తాళం వేసింది కూడా ఇది బయటపడకూడదనే.”

“ఎవరు మార్చారు?”

ఆవిడ ఒక అడుగు పక్కకి జరిగింది. కాగితాలున్న చెయ్యి ఎత్తింది.

“మా ప్లీడరుగారే.”